గ్రాంటు తవ్వడానికే వస్తుంది

పురావస్తు తవ్వకానికి ప్రభుత్వం డబ్బులిస్తుందంటే మా బంధువుల్లో చాలామంది నమ్మరు. నమ్మినవాళ్లు వెంటనే అడిగేది, "అందులో మీకెంత మిగులుతుంది?" అని. నేను తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయంలో రీసెర్చ్ స్కాలర్‌ని. మా సార్ డైరెక్టర్‌గా చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఒకచోట తవ్వకం జరిగింది. మొదటి దరఖాస్తు నుంచి ఖర్చుల లెక్క పంపేదాకా కాగితాల పని చాలావరకు నా చేతుల మీదుగానే నడిచింది. ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే గుప్తనిధుల వేటగాళ్లకు నేనే దారి చూపినట్టవుతుంది. మా వైపు ఆ బెడద ఎంతుందో జిల్లా ఎడిషన్ చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు.

పలమనేరు, కుప్పం వైపు గుట్టల దగ్గర తిరిగినవాళ్లు ఇలాంటివి చూసే ఉంటారు. నాలుగు పక్కలా బండలు నిలబెట్టి, పైన ఒక పెద్ద బండ కప్పి, ఒక పలకకు గుండ్రంగా కన్నం పెట్టి ఉంటుంది. చుట్టూ గుండ్రాళ్ల వలయం. ఊళ్లో వాటిని పాండవుల గుళ్లంటారు. చంద్రగిరి దగ్గర మల్లయ్యగారిపల్లె గుట్ట మీదున్న దాన్నీ అలాగే పిలుస్తారు. నిజానికి ఇవి ఇనుప యుగం నాటి సమాధులు, బృహత్ శిలాయుగం అని పుస్తకాల్లో రాసే కాలానివి. మేం తవ్వాలనుకున్న చోట ఇలాంటివి ఒక గుంపుగా ఉన్నాయి. కొన్నింటి కప్పుబండలు అప్పటికే మాయమయ్యాయి. పక్క గుట్టలో గ్రానైట్ క్వారీ నడుస్తోంది. దాని రోడ్డు ఏటేటా ఇటువైపే జరుగుతోంది. మా సార్ తొందరంతా అదే. ఇప్పుడు తవ్వి రికార్డు చేయకపోతే రేపు అక్కడ రికార్డు చేయడానికి ఏమీ ఉండదు.

మన దేశంలో విశ్వవిద్యాలయాలు తవ్వకం చేయాలంటే భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ, అంటే ఏఎస్ఐ, డైరెక్టర్ జనరల్ అనుమతి కావాలి. దరఖాస్తులను కేంద్ర పురావస్తు సలహా మండలి స్టాండింగ్ కమిటీ చూస్తుంది. సైటు ఎక్కడ, ఎందుకు తవ్వుతున్నారు, డైరెక్టర్ అనుభవం ఏమిటి, గతంలో తవ్వినవాటి రిపోర్టులు ఇచ్చారా, మనుషులెవరు, డబ్బు ఎక్కడిది, అన్నీ రాయాలి. ఈ చివరి గడి దగ్గరే మేం ఆగిపోయాం. గ్రాంటు ఇచ్చే సంస్థకు ఫోన్ చేస్తే ముందు తవ్వకం అనుమతి పత్రం జతచేయమన్నారు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం. చివరికి విశ్వవిద్యాలయం నుంచి ఒక లెటర్ తీసుకున్నాం. బయటి నిధులు రాకపోతే కనీస ఖర్చు మేమే పెట్టుకుంటాం అని అందులో ఉంటుంది. ఆ కనీస ఖర్చు ఎంతో అందులో ఉండదు. రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ ఒక్క వాక్యం మీద చాలా చర్చ జరిగింది. ఎవరైనా ఈ దారిలో వెళ్లాలనుకుంటే ముందు ఆ లెటర్ సంపాదించుకోండి, మిగతావి తర్వాత.

భూమి కాగితాలు ఇంకో కథ. సమాధుల గుంపు సగం గుట్ట పోరంబోకులో, సగం ఒక రైతు డీకేటీ పట్టాలో, అంటే సర్కారు సాగుకిచ్చిన భూమిలో, ఉంది. అడంగల్, వీఆర్ఓ రిపోర్టు, తహసీల్దార్ ఎన్ఓసీ, రైతు అంగీకార పత్రం కావాలి. రైతు మంచివాడు. అడిగిందొకటే, తవ్విన తర్వాత నేల మళ్లీ దున్నుకోడానికి పనికొచ్చేలా పూడ్చాలని. అది మా బడ్జెట్లో వేరే పద్దుగా పెట్టాం. తర్వాత చూస్తే అన్నిటికంటే న్యాయంగా ఖర్చయిన పద్దు అదే.

ఇక బడ్జెట్. సార్ రాసిన మొదటి ప్రతి చూసి నేను ఆశ్చర్యపోయాను. తవ్వకానికి రాసిన దానికంటే తవ్విన తర్వాతకు ఎక్కువ రాశారు. కూలీలు, టెంట్లు, బండి అద్దె, టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రం అద్దె, పనిముట్లు, రాత్రి కాపలా, ఇవన్నీ కలిపి సగానికి లోపే. మిగతాది కుండపెంకులు కడిగి, నంబర్లు రాసి, బొమ్మలు గీయించడానికి, బొగ్గు నమూనాల కాలనిర్ణయానికి, ఎముకల పరీక్షకు, ఇనుప వస్తువుల తుప్పు ఆపే రసాయనాలకు, భద్రపరిచే పెట్టెలకు, రిపోర్టు అచ్చుకు. "తవ్వడం అంటే చెరపడం. ఒకసారి తీసిన మట్టిని మళ్లీ అలాగే పేర్చలేం. అందుకే అసలు పని కాగితం మీద జరుగుతుంది," అనేవారు సార్. గ్రాంటు ఇచ్చే సంస్థ కమిటీ మాత్రం దాన్ని తిరగేసి చదివింది. అడిగినదాంట్లో సగం పైచిలుకు మంజూరైంది. కూలీ పద్దు దాదాపు అలాగే ఉంది. కాలనిర్ణయం, డ్రాయింగ్, భద్రపరచడం, ప్రచురణ, ఈ నాలుగింటి మీదా గీత పడింది. తర్వాతి దశలో పరిశీలిస్తాం అని పక్కన రాశారు. ఒక పద్దు డబ్బు ఇంకో పద్దుకు మార్చడానికి వీల్లేదని కింద నిబంధన.

మాకు మంజూరు పత్రం వచ్చింది అక్టోబరులో. డబ్బు వచ్చింది ఫిబ్రవరిలో. ఈ మధ్యలో ఏం జరిగిందో తెలియాలంటే మూడు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకోవాలి. ఏఎస్ఐ లెక్కలో తవ్వకాల సీజన్ అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది. ప్రభుత్వ ఖాతాల సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, ఆలోపు ఖర్చు కానిది వెనక్కి పోతుంది. వాన క్యాలెండర్ వేరే. మా తిరుపతి, చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తడుపుతాయి. 2024 నవంబరు చివర ఫెంగల్ తుపాను వచ్చినప్పుడు మా గుట్ట కింద వంక పొంగి దారే లేదు. కాబట్టి మాకు నిజంగా తవ్వే వీలున్నది జనవరి నుంచి. జనవరంతా ఖాతాలో ఎప్పుడు పడుతుందా అని పోర్టల్ తెరిచి చూడటంతోనే గడిచింది. ఆ నెల రోజుల టెన్షన్ నా పీహెచ్‌డీ మొత్తంలో పడలేదు. ఫిబ్రవరిలో పడ్డాక మార్చి 31 లోపు అంతా అయిపోవాలి. ఏప్రిల్, మే నెలల్లో నేల పొడిగా, గట్టిగా, తవ్వడానికి బాగుంటుంది. అప్పుడు చేతిలో పైసా ఉండదు.

కూలీల సంగతికొస్తే, ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలీ రోజుకు 300 రూపాయలు. మేం ఇవ్వగలిగింది దానికి కాస్త అటూ ఇటూ. టమాటా కోత ఉన్న రోజు మా దగ్గరికి ఎవరూ రారు. సంత రోజు అసలే రారు. డబ్బు బ్యాంకు ఖాతాలోనే వేయాలని రూలు. వాళ్లకేమో సంతకు ముందు రోజు చేతికి రావాలి. సార్ తన జీతం డబ్బుతో ముందు ఇచ్చేసి, ఖాతాలో పడ్డాక వాళ్ల దగ్గర తీసుకునేవారు. ఒక్కరు కూడా ఎగ్గొట్టలేదు. ఈ పద్ధతి ఆడిట్‌కు ఎలా చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు, చెప్పలేదు కూడా.

వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. మొదటి రోజు మగవాళ్లకు గునపాలు, పారలు ఇచ్చి, ఆడవాళ్లను తట్టలు మోయమన్నాం. రెండో రోజుకే సార్ అది మార్చేశారు. శెనక్కాయ చేలో తొలికతో కలుపు తీసే చేయి వేరు. మొక్క వేరు తెగకుండా పక్క గడ్డిని లాగే నేర్పు అది. కుండ అంచు కనబడగానే ఆగి, చుట్టూ మట్టిని పొరపొరగా తీయడం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఇళ్ల నుంచి వాళ్ల తొలికలే తెచ్చుకున్నారు. మేం ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్‌లో ఆర్డర్ పెట్టిన తాపీలు, బ్రష్షులు సగం పని అయ్యాక వచ్చాయి. ఇంకో పది తొలికలు ఊళ్లో కమ్మరి దగ్గర చేయించాం. బిల్లు లేదు. తెల్లకాగితం మీద రాసి వేలిముద్ర వేయించాను.

కప్పుబండ ఎత్తడం దగ్గర అందరం నీరసపడ్డాం. ఒక సమాధి మీది బండ పగుళ్లు లేకుండా, నిండుగా ఉంది. దాన్ని పక్కకు దించితే తప్ప లోపల తవ్వలేం. క్రేన్ తెప్పిద్దామంటే ఆ దారిలో రాదు. బడ్జెట్లో కూడా లేదు. ఆ చుట్టుపక్కల బండలు కదిలించడం వచ్చినవాళ్లు ఒక్కరే, క్వారీ మనుషులు. ఏ క్వారీ గురించి మేం తహసీల్దార్‌కు ఫిర్యాదు రాశామో అదే క్వారీ. సార్ వెళ్లి మేస్త్రీని అడిగారు. ఆయన వచ్చి బండ చుట్టూ తిరిగి చూసి అన్నాడు, "దీన్ని పగలగొట్టమంటే ఇప్పుడే పగలగొడతా సామీ. పగలకుండా దించమంటేనే కష్టం." మూడు వాసాలు నిలబెట్టి, చైన్ పుల్లీ కట్టి, కింద టైర్లు పరిచి మధ్యాహ్నానికి దించేశాడు. అంచు కూడా రాలలేదు. డబ్బు తీసుకోనన్నాడు. బలవంతంగా ఇస్తే, లోపల ఏముందో చూపించమన్నాడు. చూపించాం. ఎర్ర మట్టి, ఒక పక్కన నలుపు ఎరుపు కుండల అంచులు. "ఇంతేనా?" అన్నాడు. ఇంతేనని చెప్పాం. ఆ తర్వాత క్వారీ లారీలు కొన్నాళ్లు పై దారిన తిరిగాయి. ఫిర్యాదు చేయలేని పని ఆ పూట మాట చేసిందేమో, లేక వాళ్లకు అటు పని పడిందేమో.

నిధి అనుమానం మాత్రం చివరిదాకా పోలేదు. రోజూ ఎవరో ఒకరు బైకు ఆపి, "ఏం సామీ, దొరికిందా?" అని అడిగేవాళ్లు. ఒక రాత్రి ఎవరో వచ్చి మేం తవ్వకుండా వదిలిన మట్టి గట్టును గెలికి వెళ్లారు. అప్పటి నుంచి కాపలాకు ఇద్దరిని పెట్టాం. వాళ్లలో ఒకతని అవ్వ పగలు మా దగ్గరికి వచ్చి కూర్చునేది. "మా తాతల కాలం నుంచీ ఈ గుళ్ల జోలికి ఎవురూ పోలేదు నాయనా. మీకేం గాదులే, చదువుకున్నోళ్లు. రాత్రి ఈడ పండుకునేది మావోడు గదా," అంది. ఆమె మాట మీద కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి పని మొదలుపెట్టే అలవాటు చేసుకున్నాం. ఆ ఖర్చు చిల్లర ఖర్చుల్లో ఉంది. పోలీసు స్టేషన్లో ముందే సమాచారం ఇచ్చాం కానీ, ఎస్సై గారు పాత చట్టం ఒకటి గుర్తుచేశారు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన నిధి ఏది దొరికినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. ఆ పది రూపాయలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. మేం అనుమతితో తవ్వుతున్నాం కాబట్టి మాది వేరే దారి అని సార్ వివరించారు. ఊళ్లో మాత్రం కలెక్టర్‌కు ఉత్తరం వెళ్లిందంటే బంగారం దొరికినట్టే అని అర్థమైపోయింది.

దొరికింది ఏమిటంటే, నలుపు ఎరుపు కుండలు, కాళ్లున్న మట్టి శవపేటిక ముక్కలు, తుప్పుపట్టి ఉబ్బిన ఇనుప కత్తి ఒకటి, పొడిపొడిగా రాలే ఎముకలు, కొద్దిగా బొగ్గు. పురావస్తు శాస్త్రం చదివినవాళ్లకు ఇది చాలు. మార్చి చివరి వారంలో గుంత పూడ్చి, రైతుకు నేల అప్పగించి, అన్నీ గోతాల్లో నింపి తిరుపతికి తెచ్చాం.

అసలు కష్టం అక్కడ మొదలైంది. గోతాలు పెట్టడానికి గది లేదు. డిపార్ట్‌మెంట్ వరండాలో పెడితే ఎలుకలు తాళ్లు కొరికాయి, పెంకుల మీద కట్టిన చీటీలు ఊడిపోతే ఏది ఏ గుంతదో చెప్పలేం. తర్వాత ఒక క్లాస్‌రూమ్ వెనక్కి మార్చాం. బొగ్గు నమూనాలను ఏఎంఎస్ పద్ధతిలో, అంటే కొద్దిపాటి నమూనాలోనే కార్బన్ అణువులను లెక్కపెట్టి, కాలనిర్ణయం చేయించాలంటే ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సెలరేటర్ సెంటర్ ఉంది, లక్నోలో బీర్బల్ సాహ్ని సంస్థలో కార్బన్ పరీక్షలున్నాయి, త్వరగా కావాలంటే అమెరికాలోని ప్రైవేటు ల్యాబులున్నాయి. ఒక తేదీ వస్తే సరిపోదు, కనీసం మూడు నాలుగు నమూనాలు ఒకదానితో ఒకటి సరిపోలాలి. దానికి పద్దు లేదు. ఎముకల్లో మన వేడికి, ఎర్ర నేలకు కొల్లాజెన్, అంటే కాలనిర్ణయానికి పనికొచ్చే ప్రోటీన్, నిలవడం అరుదు, కాబట్టి వాటి మీద ఆశ తక్కువ. ఇనుప కత్తి గాలి తగిలేకొద్దీ పొరలు ఊడుతోంది. సిలికా జెల్ ప్యాకెట్లు మందుల షాపులో పనిచేసే మా తమ్ముడు ఏరి ఇచ్చాడు.

ఇది మా ఒక్కరి గొడవ కాదు. మా పక్కనే ఉన్న గుడిమల్లం తీసుకోండి. ఏర్పేడు దగ్గర పరశురామేశ్వరాలయం. అక్కడ లింగం చుట్టూ ఏఎస్ఐ తరఫున ఇంగువ కార్తికేయ శర్మ గారు తవ్వింది 1973లో. ఆ ఆలయం పుట్టుపూర్వోత్తరాల మీద ఆయన పుస్తకం వచ్చింది 1994లో. శర్మ గారంత పట్టుదల ఉన్న మనిషికే అంత కాలం పడితే, పట్టుదల లేనిచోట ఏమవుతుందో ఊహించండి. తమిళనాడులో, మదురై దగ్గర పాత జనావాసం బయటపడ్డ కీళడి చూడండి. ఏఎస్ఐ తవ్వకం 2014-15 సీజన్‌లో మొదలైంది, తొలి రెండు దశల నివేదిక డైరెక్టర్ సమర్పించింది 2023లో. కాకపోతే అక్కడ నాలుగో దశ నుంచి రాష్ట్ర ప్రభుత్వమే చేపట్టింది. 2021 తర్వాత తవ్వకాలకు ఏటా కోట్లు బడ్జెట్లోనే కేటాయించింది, బొగ్గు నమూనాలు అమెరికా పంపి తేదీలు తెప్పించింది, మ్యూజియం కట్టింది. రాజకీయం లేదని అనను. ఉన్నా, తవ్విన తర్వాతి పనికి డబ్బు పెట్టారన్నది నిజం. మా తవ్వకం చోటు నుంచి ఆ రాష్ట్ర సరిహద్దు ఎంతో దూరం కాదు. కూలీకి వచ్చిన ఒకాయన అక్కడి బంధువుల ఇంటికి వెళ్లి వచ్చి, "మన దాన్ని కూడా కీళడి మాదిరి చేస్తారా సార్?" అని అడిగాడు.

కేంద్రం వైపు లెక్క కాగ్, అంటే ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే సంస్థ, చెప్పింది. ఏఎస్ఐ మొత్తం ఖర్చులో అన్వేషణకు, తవ్వకాలకు వెళ్తున్నది ఒక శాతం లోపే అని 2013 నివేదికలో రాసింది. దాన్ని 5 శాతానికి పెంచుతామని అప్పట్లో సంస్కృతి శాఖ చెప్పింది. 2022లో కాగ్ మళ్లీ చూస్తే ఇంకా ఒక శాతం లోపే ఉంది. ఆ కొద్దిపాటి డబ్బులోనూ కూలీ పద్దుకే మొగ్గు ఎందుకో నాకు ఈ పని చేశాక అర్థమైంది. కూలీకి మస్టర్ రోల్, అంటే హాజరు పట్టీ, ఉంటుంది, ఖాతా నంబరుంటుంది, ఫొటో ఉంటుంది. ఒక మనిషి నెలరోజులు కూర్చుని కుండ అంచులు గీశాడంటే చూపించడానికి కాగితాల కట్ట తప్ప ఏముంటుంది? లెక్క చూసేవాళ్లకు గుంత కనిపించినంత స్పష్టంగా బొమ్మ కనిపించదు.

రెండో విడత రావాలంటే మొదటి విడతకు యూసీ పంపాలి, వినియోగ ధ్రువపత్రం. జీఎఫ్ఆర్ 12-ఏ నమూనాలో, ఫైనాన్స్ ఆఫీసర్ సంతకంతో. మాది రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఒకసారి కాపలాకు ఇద్దరెందుకని. ఇంకోసారి తొలిక అనే పనిముట్టు ఆమోదిత జాబితాలో లేదని, అది పోర్టల్‌లో ఎందుకు కొనలేదని. తొలిక ఫొటో తీసి, కొలతలు రాసి, పక్కన తాపీ పెట్టి జతచేశాను. అది దాటింది. కాపలా సంగతి ఇంకా నడుస్తోంది.

ఈ అనుభవంతో సార్ కొత్త ప్రతిపాదన రాశారు. ఈసారి కొత్తగా తవ్వేది ఒక్క రాతివలయమే. డబ్బులో మూడో వంతు మాత్రమే దానికి. కాలనిర్ణయం, డ్రాయింగ్, భద్రపరచడం అనే పద్దులకు విడిగా పేర్లు పెట్టలేదు. వాటిని కలిపి తవ్వకం రెండో దశ అని రాశారు, ఎందుకంటే దశ అంటే కమిటీ కొట్టేయదని ఒక పెద్దాయన సలహా. నాకు ఆ దొంగచాటు నచ్చలేదు కానీ, వేరే దారి నేనూ చెప్పలేకపోయాను. ల్యాబ్ కొటేషన్లు ముందే తెప్పించి జతచేశాం. అంగీకరిస్తే మాత్రం డబ్బు సెప్టెంబరులోపు ఇవ్వమని, లేకపోతే వచ్చే ఏప్రిల్‌లో ఇవ్వమని కవరింగ్ లెటర్‌లో అడిగాం. అలా అడగవచ్చో లేదో ఎవరికీ తెలియదు, వద్దని మాత్రం ఎక్కడా రాసి లేదు.

కమిటీ మీటింగ్ తేదీ ఇంకా రాలేదు. ఈలోపు ఎం.ఏ. రెండో సంవత్సరం పిల్లలిద్దరు ఆ కుండపెంకులనే డిసర్టేషన్‌కు తీసుకున్నారు. కడగడం, నంబర్లు రాయడం అయిపోయింది, ఇప్పుడు బొమ్మలు గీస్తున్నారు. గ్రాఫ్ పేపర్లు, పెన్సిళ్లు సార్ కొనిచ్చారు. క్లాస్‌రూమ్ మాత్రం వచ్చే సెమిస్టర్‌కు ఖాళీ చేయమన్నారు.